ముసలి పెళ్లిగుర్రాన్ని తెచ్చుకున్న, ఎట్ల మేపాలె?

అడిగినవారు: చేవెళ్ల నుంచి

రెండు బర్రెలు, కొన్ని కోళ్లు తప్ప గుర్రాన్ని పెంచిన అనుభవం నాకు లేదు. పోయిన ఆదివారం నుంచి మా కొట్టంల ఒక తెల్ల ఆడగుర్రం ఉన్నది. బారాత్‌లకు తిప్పేవాళ్లు ఇక పనికిరాదని అమ్ముతుంటే చూడలేక నేనే కొనుక్కొచ్చుకున్న. పేరు రాణి. పన్నెండేండ్లని చెప్పిండ్రు.

పక్కటెముకలు ఒక్కొక్కటి లెక్కపెట్టొచ్చు. వీపు మీద జీను రాసుకున్న చోట అరచెయ్యంత పుండు. గిట్టలు పెరిగి అంచులు పగిలినయి. తోక కింద శనగగింజలంత నల్లటి గడ్డలు నాలుగైదు.

వచ్చిన రోజు సాయంత్రం దాని ఆకలి చూసి, కిలో ఉలవలు ఉడకబెట్టి బెల్లం కలిపి పెట్టిన. తొట్టి అంతా నాకింది. తెల్లారేసరికి లద్దె నీళ్ల లెక్క. మధ్యాహ్నం దాకా తల దించుకొని నిలబడ్డది, మేత ముట్టలేదు. నా చేత్తోనే చంపుకుంటున్ననా అని ఏడ్చిన. అప్పటి నుంచి వరిగడ్డి, బర్రెలకు వేసే సూపర్ నేపియర్ వేస్తున్న. నమిలి నమిలి ఉండలు చేసి కింద పడేస్తున్నది.

మా పశువుల డాక్టర్ సారు మంచోడే. పుండు కడిగి మందు రాసిండు. కానీ గుర్రాలను చూసి చాన ఏండ్లయిందన్నడు. ఎంత పెట్టాలె? నట్టల మందు ఇప్పుడే వెయ్యొచ్చా?

జవాబు: పశువైద్యుడు, కరీంనగర్

అమ్మా, ముందు ఉలవలు, బెల్లం, తవుడు అన్నీ ఆపండి. చాలాకాలం ఆకలితో ఉన్న ఒంట్లో ఫాస్ఫరస్, మెగ్నీషియం, పొటాషియం నిల్వలు అడుగంటి ఉంటాయి. ఒక్కసారిగా పిండిపదార్థం, తీపి పడితే ఇన్సులిన్ పెరిగి రక్తంలో మిగిలిన ఆ కాస్త లవణాలనూ కణాల్లోకి లాగేస్తుంది. గుండె, ఊపిరి తట్టుకోలేవు. ఆకలి తీరాక బతికిందనుకున్న గుర్రం మూడో రోజుకూ పదో రోజుకూ మధ్య పడిపోయేది అందుకే. పైగా గుర్రం వాంతి చేసుకోలేదు, తిన్నది తప్పయినా లోపలే ఉంటుంది.

కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్‌లో పశువైద్యులు ఇలా చిక్కిపోయిన గుర్రాలకే రకరకాల మేతలు పెట్టి చూశారు. లూసర్న్ గడ్డి మేలని తేలింది. ఎండు లూసర్న్ అరకిలో చొప్పున నాలుగు గంటలకోసారి, రాత్రి కూడా, మూడు రోజులు పెట్టండి. పచ్చిదైతే నీటి బరువు ఉంటుంది కాబట్టి ఒక్కోసారికి రెండు, రెండున్నర కిలోలు. నాలుగో రోజు నుంచి పదో రోజు దాకా కొంచెం కొంచెం పెంచుతూ, పూటలు తగ్గించండి. ఆ తర్వాత కడుపునిండా తిననివ్వండి. నీళ్లు ఎప్పుడూ ముందుండాలి.

నేపియర్ ఒక్కటే మేపకండి. అందులోని ఆక్సలేట్ గుర్రానికి కాల్షియం అందనివ్వదు, నెలల మీద ఎముకలు గుల్లబారతాయి. బర్రెలకు ఆ బాధ అంతగా ఉండదు, అందుకే మనకు అలవాటుగా తోచదు.

నట్టల మందు ఇప్పుడే వద్దు. రెండు మూడు వారాలు కోలుకోనిచ్చి, లద్దె పరీక్ష చేయించి, బరువును బట్టి వేయించండి. ధనుర్వాతం టీకా మాత్రం ఆలస్యం చేయొద్దు, పుండుంది కదా. రక్తం తీయించి సర్రా పరీక్ష కూడా అడగండి. జోరీగల వల్ల వచ్చే ఈ జబ్బు కూడా గుర్రాన్ని ఇలాగే ఎండబెడుతుంది. ముక్కు నుంచి చిక్కటి చీమిడి కారినా, ఒంటి మీద పుండ్ల వరస లేచినా మీరు ముట్టుకోకుండా వెంటనే పశుసంవర్ధక శాఖకు చెప్పండి. అది గ్లాండర్స్ అనే గుర్రాల జబ్బు కావచ్చు, మనుషులకూ అంటుతుంది.

తోక కింద గడ్డలు వయసు మళ్లిన తెల్ల గుర్రాల్లో చాలా మామూలు. నెమ్మదిగా పెరుగుతాయి. కదపకుండా గమనించండి.

జవాబు: తెనాలి నుంచి

అక్కా, మా నాన్నగారు జట్కా తోలేవారు. ఉలవగుగ్గిళ్లు పొద్దస్తమానం బండి లాగే గుర్రానికి. నిలబడి ఉన్నదానికి, అందులోనూ చిక్కినదానికి కాదు.

గడ్డి ఉండలు కట్టి పడేస్తోందంటే పళ్లే. గుర్రప్పళ్లు బతికున్నంతకాలం పైకి వస్తూ అరుగుతూ ఉంటాయి. ఒకవైపు అంచు కత్తిలా లేచి చెంపను కోస్తుంది. ఆకురాయితో రాయించాలి, తెలిసిన డాక్టరు చేత. అప్పటిదాకా గడ్డిని వేలెడు ముక్కలుగా కోసి, నీళ్లలో నానబెట్టి పెట్టండి.

వయసు కూడా చూడండి. పైదవడ ముందుపళ్లలో చివరిదాని మీద నిలువుగా గోధుమరంగు గాడి ఉంటుంది. పదేళ్లకు చిగురు దగ్గర మొదలై, ఇరవైకి పంటి పొడవునా దిగుతుంది. తర్వాత పైనుంచి చెరిగిపోతూ వస్తుంది. అటూ ఇటూగా లెక్క తెలుస్తుంది.

అడిగినవారు, రెండున్నర నెలల తర్వాత

సార్‌కు, తెనాలి తమ్ముడికి చెప్పాలని వచ్చిన. రాణి బతికింది.

ఆ మొదటి మూడు రోజులు మర్చిపోను. రాత్రి రెండింటికి అలారం పెట్టుకొని లేచి, తూకం వేసి అరకిలో పెట్టేదాన్ని. చూస్తుండంగనే అయిపోయేది. ఖాళీ తొట్టి నాకుకుంట నా దిక్కు చూసేది. ఇంకో పిడికెడు వెయ్యాలని చెయ్యి పోయేది. ఒకసారి వేసి, మళ్ల చేతులతోనే తీసేసిన. కడుపుకు పెట్టకపోవుడు ఇంత కష్టమని నాకు తెల్వదు.

గాడి చూసిన. పైసగం చెరిగిపోయి, కింద సగమే ఉన్నది. డాక్టర్ సారుకు చూపిస్తే ఇరవై అయిదు దాకా ఉంటదన్నడు. అంటే అంత వయసుల, ఆ ఎముకల మీద మనుషుల్ని కూసోబెట్టి, లైట్లు, పటాకుల నడుమ నిలబెట్టిండ్రు. ఆ రాత్రి నాకు అన్నం పోలేదు.

పళ్లు రాయించినం. ఎడమదిక్కు దవడపళ్లు రెండు లేనే లేవు. ఇక బతికినన్ని రోజులు నానబెట్టిన మేతే. సర్రా లేదని వచ్చింది. ఛాతీ చుట్టుకొలతను అదే కొలతతో గుణించి, ఒంటి పొడవుతో గుణించి, 11,877తో భాగిస్తే కిలోలు వస్తయని సారు చెప్పిండు. వచ్చినప్పుడు చుట్టు 150, పొడవు 140 సెంటీమీటర్లు, 265 కిలోలు. మొన్న చుట్టు 160, అంటే 302. పక్కటెముకలు చేతికి తగుల్తయి గాని కంటికి కనపడుత లేవు.

పోయిన వారం పక్కూర్ల పెళ్లి. బ్యాండు వినపడంగనే మూలకు పోయి వణికింది, మెడంత చెమట. అది దాటిపోయేదాక మెడ మీద చెయ్యి పెట్టి నిలబడ్డ.

ఇంకొకటి అడగాలె. చలికాలం వస్తున్నది, గోనెసంచులు కలిపి దుప్పటి కుడుతున్న. వీపు మీద పుండు మానిన చోట ఇంకా వెంట్రుకలు రాలేదు. అక్కడ గోనె రాసుకోకుండా లోపల ఏం గుడ్డ వేస్తే మంచిది?