తుపాను షెల్టర్‌కి వెళ్లమంటే సంచిలో ముందు ఏం పెట్టుకోవాలి?

ప్రశ్న (శ్రీకాకుళం జిల్లా వజ్రపుకొత్తూరు మండలం నుంచి):

అందరికీ నమస్తే. మాది సముద్రానికి దగ్గర ఊరు, రేకుల ఇల్లు. వాయుగుండం తుపానుగా మారొచ్చని టీవీలో చెబుతున్నారు, సచివాలయం వాళ్లు కూడా వచ్చి, పిలిచిన వెంటనే షెల్టర్‌కి కదిలేలా ఉండండి అని చెప్పి వెళ్లారు. మా ఆయన గుజరాత్ వేరావల్‌లో బోటు మీద ఉన్నారు, ఫోన్ ఎప్పుడు కలుస్తుందో తెలీదు. ఇంట్లో నేను, నాలుగేళ్ల పాప, అత్తయ్య, మావయ్య. మావయ్యకి వారానికి రెండుసార్లు డయాలసిస్, అత్తయ్యకి షుగరు, ఇన్సులిన్ మీద ఉంది. ఒక ఆవు, దూడ ఉన్నాయి. నిన్నటి నుంచి సర్దుతూనే ఉన్నా, ఇప్పటికి చాలా మూటలయ్యాయి, పాపని ఎత్తుకుని నేను మోయగలిగింది మాత్రం ఒక్కటే. ఏది ఉంచాలి, ఏది వదలాలి? ఆటో దొరుకుతుందన్న నమ్మకం లేదు. టెన్షన్‌తో బుర్ర పనిచెయ్యడం లేదు.

జవాబు (సోంపేట):

చెల్లెమ్మా, ఆ మూటలన్నీ ఒకసారి విప్పేసెయ్. ప్రతి వస్తువు చేతిలోకి తీసుకుని ఒక్క మాట అడుగు: ఇది రేపు షెల్టర్‌లో ఎవరైనా ఇస్తారా, లేకపోతే రోడ్లు తెరిచాక పలాసలో కొనుక్కోవచ్చా? అవును అంటే ఇంట్లోనే వదిలెయ్. అన్నం పెడతారు, దుప్పటి అడిగితే దొరుకుతుంది, పక్కింటి వాళ్లు చీర ఇస్తారు. మీ మావయ్య మందులు, అత్తయ్య ఇన్సులిన్, పాప మందులుంటే అవి, ఎవరూ ఇవ్వలేరు. అందుకే మందులు ముందు, కాగితాలు తర్వాత, డబ్బులు, ఫోను ఆ తర్వాత. బట్టలు చివర్న, మనిషికి ఒక జత, పాపకి రెండు.

డబ్బులంటే చిన్న నోట్లు. 2018లో తిత్లీ తుపాను వచ్చినప్పుడు మన ఉద్దానం ప్రాంతంలో చాలా ఊళ్లకి రోజుల తరబడి కరెంటు లేదు, టవర్లు లేవు. అలాంటప్పుడు ఏటీఎం ఉండదు, ఫోన్‌పే ఉండదు. క్యాను నీళ్లు కొనాలన్నా ఐదొందల నోటుకి చిల్లర ఇచ్చేవాడు దొరకడు.

ఇంకొకటి, తిత్లీ తీరం దాటింది అక్టోబర్ 11 తెల్లవారుజామున. రాత్రి పడుకుని పొద్దున్న చూద్దాంలే అనుకుంటే అప్పటికే రేకులు ఎగురుతుంటాయి. వెలుగు ఉండగానే వెళ్లిపోండి.

జవాబు (డయాలసిస్ సెంటర్‌లో పనిచేసే నర్సు):

అమ్మా, సంచి సంగతి తర్వాత, ముందు మావయ్యగారి సెంటర్‌కి ఇప్పుడే ఫోన్ చేయండి. తుపాను వస్తోంది, మా వంతు రేపటికి జరపండి అని అడగండి. తుపాను వెళ్లాక కొబ్బరి చెట్లూ స్తంభాలూ రోడ్డుకి అడ్డంగా పడితే అంబులెన్స్ కూడా రాలేదు, సెంటర్‌లో జనరేటర్ ఎంతసేపు నడుస్తుందో కూడా చెప్పలేం. ముందే ఒకసారి చేయించుకుంటే మీకు కాస్త వ్యవధి దొరుకుతుంది.

సంచిలో ఆయన డయాలసిస్ పుస్తకం, ఆధార్, ఆరోగ్యశ్రీ కార్డు తప్పనిసరి. వాటితో పాటు ఈ మధ్య చేసిన హెపటైటిస్, హెచ్ఐవీ రిపోర్టుల కాపీ కూడా పెట్టండి, ఎందుకంటే వేరే ఊరి సెంటర్‌కి వెళ్లాల్సి వస్తే ఏ మిషన్ మీద పెట్టాలో ఆ రిపోర్టు చూసే నిర్ణయిస్తారు. ఒక చీటీ మీద డ్రై వెయిట్ (ఒంట్లో ఎక్కువ నీరు తీసేశాక ఉండాల్సిన బరువు) ఎంత, ఫిస్టులా (డయాలసిస్ సూదులు పెట్టడానికి ఆపరేషన్ చేసి కలిపిన రక్తనాళం) ఏ చేతికి ఉంది, బ్లడ్ గ్రూపు, ఏ మాత్రలు ఎన్నిసార్లు అని పెద్ద అక్షరాలతో రాసి ఆయన చొక్కా జేబులోనే పెట్టండి. ఫిస్టులా ఉన్న చేతికి బీపీ చూడకూడదు, సూది వేయకూడదు అని కూడా రాయండి, మెడికల్ క్యాంపులో హడావిడిగా ఉంటారు.

తిండి విషయంలో గట్టిగా చెబుతున్నాను. తుపాను తర్వాత మన ఊళ్లో ఎక్కడ చూసినా పడిపోయిన బొండాలే, దాహమేసిన వాళ్లందరూ అవే తాగుతారు. మావయ్యగారికి కొబ్బరి నీళ్లు ఇవ్వొద్దు, పొటాషియం ఎక్కువ, డయాలసిస్ ఆలస్యమైతే గుండె మీదకి వస్తుంది. ఓఆర్ఎస్ కూడా డాక్టర్ని అడగకుండా పట్టించొద్దు. షెల్టర్‌లో పులిహోర ప్యాకెట్లు వస్తాయి, అందులో చింతపండూ ఉప్పూ రెండూ ఆయనకి పడవు, తెల్లన్నం అడిగి తీసుకోండి. అరటిపండ్లు, ఊరగాయ వద్దు. ఉప్పు కలపని మరమరాలు ఒక కవర్లో కట్టుకోండి. రోజుకి నీళ్లు ఎంత తాగాలో కొలిచిన సీసా ఒకటి ఆయనకి విడిగా ఉండాలి. ఆయాసం, కాళ్ల వాపు పెరిగినా, నీరసంతో పడిపోతున్నా 108కి చెప్పండి, షెల్టర్ ఇన్‌ఛార్జికి చేరగానే ఇక్కడ డయాలసిస్ పేషెంట్ ఉన్నారని పేరు రాయించండి.

అత్తయ్యగారి ఇన్సులిన్ గురించి భయపడొద్దు. వాడుతున్న సీసా అయినా పెన్ను అయినా మరీ వేడి తగలకపోతే ఫ్రిజ్ బయట నాలుగు వారాల వరకు మామూలుగా ఉంటుంది. కొత్తవి ఉంటే కవర్లో చుట్టి, తడిగుడ్డ చుట్టిన చిన్న మట్టికుండలో పెట్టుకోండి. ఐసు మీద నేరుగా పెట్టొద్దు, గడ్డకడితే పనికిరాదు. సూదులు, ఏదో ఒక తీపి బిళ్ల దగ్గర ఉంచండి, తిండి ఆలస్యమైతే షుగరు పడిపోతుంది.

ప్రశ్న అడిగినవారు:

మేడం, చాలా థాంక్స్. ఫోన్ చేశాను, రేపు పొద్దున్న రమ్మన్నారు. కొబ్బరి నీళ్ల సంగతి నిజంగా తెలీదు, అందరం అవే తాగుతాం అనుకున్నాను. కాగితాల్లో ఏవి తీసుకోవాలి? అత్తయ్య ట్రంకు పెట్టె మొత్తం తెస్తానంటోంది.

జవాబు (టెక్కలి, మీసేవలో పనిచేశాను):

ట్రంకు పెట్టె మొయ్యరు, మోసినా వానకి లోపలికి నీళ్లు పోతాయి. పట్టాదారు పాసుబుక్కు, ఇంటి పట్టా, ఆధార్లు, రేషన్ కార్డు, బ్యాంకు పాసుబుక్కులు, పాప పుట్టిన సర్టిఫికెట్, మీ ఆయన మత్స్యకార కార్డు, బోటుకి మీ వాటా కాగితం ఏదైనా ఉంటే అది. చదువు సర్టిఫికెట్లు ఒరిజినల్స్. ఇవన్నీ రెండు పాలిథిన్ కవర్లలో, ఒకదాంట్లో ఇంకొకటి, మూతి ముడేసి. కరెంటు బిల్లులు, పాత పెళ్లి కార్డులు, ఎల్ఐసీ వాళ్లిచ్చిన క్యాలెండర్లు (నవ్వకండి, నేను చూశాను) వదిలేయండి.

వెళ్లేలోపు అన్నింటికీ ఫొటోలు తీసి మీ ఆయన వాట్సాప్‌కి పంపండి, మీ ఫోన్లోనూ ఉంచండి. డిజిలాకర్‌లో ఉన్నాయి కదా అనుకోవద్దు, సిగ్నల్ లేనప్పుడు అది తెరుచుకోదు. బంగారం ఒంటి మీద కొద్దిగా ఉంచుకుని మిగతాది రేపు డయాలసిస్‌కి వెళ్తారు కదా, దారిలో నమ్మకమైన చుట్టాలింట్లో పెట్టండి. షెల్టర్‌లో వందల మంది ఉంటారు, దాన్ని కాపలా కాస్తూ రాత్రంతా మెలకువగా ఉండలేరు.

ఇల్లు తాళం వేసే ముందు బయట నాలుగు వైపులా, లోపల గదులు, ఆవు చెవి పోగు మీద నంబరు కనపడేలా ఒక ఫొటో. నష్టం రాసేవాళ్లు వచ్చినప్పుడు, ముందు ఎలా ఉండేదో చూపించడానికి మీ దగ్గర ఇంకేమీ ఉండదు.

జవాబు (శ్రీకాకుళం, నాగావళి గట్టు మీద ఇల్లు):

ఒక్క మాట. టీవీ, బియ్యం, మిగిలిన సామాను ఎత్తయిన చోట పెట్టుకోండి. ఏరు పొంగినప్పుడు మేం అన్నీ అటక మీదకే ఎక్కిస్తాం, ఎప్పుడూ పోలేదు.

జవాబు (సోంపేట):

అన్నయ్యా, మీది డాబా. ఆమెది రేకుల ఇల్లు. గాలి తుపానుకి ముందు పోయేది పైకప్పే, అటక మీద పెడితే వానంతా దాని మీదే. మీ పద్ధతి వరదకి సరే. బియ్యం మూత బిగిసే ప్లాస్టిక్ డ్రమ్ములో పోసి, మంచం పక్కన గోడ మూలకి చేర్చి, మీద బరువు పెట్టాలి. అలలు ఇంటిదాకా వచ్చే చోటైతే మాత్రం ఆ డ్రమ్ము కూడా ఇవాళే మెరక మీదున్న ఇంటికి పంపేయాలి. అయితే ఇంకొకటి ఒప్పుకోవాలి, తిత్లీ తర్వాత వంశధార, మహేంద్రతనయ కూడా పొంగాయి, ఒడిశా కొండల్లో పడ్డ వాన మనకి తర్వాత వస్తుంది. గాలి తగ్గిందని గెడ్డ (వాగు) పక్కన ఇల్లున్నవాళ్లు వెంటనే తిరిగి వెళ్లొద్దు.

ప్రశ్న అడిగినవారు:

ఆవుని ఏం చెయ్యాలి? షెల్టర్ దగ్గరికి తోలుకెళ్లాలంటే మావయ్య నడవలేరు, నాకు పాప. ఇంకా అత్తయ్య, ఆవుని వదిలి నేను రాను అంటోంది. అదే పెద్ద సమస్య.

జవాబు (మందస, పశువుల ఆసుపత్రి):

వీలైతే ఈ రోజే, మెరక మీద తోట ఉన్న చుట్టాల దగ్గరికి తోలించండి. కొబ్బరి తోట మధ్యలో కట్టొద్దు, చెట్లు కూలతాయి. ఎక్కడికీ పంపలేకపోతే పలుపు విప్పేయండి, శాల తలుపు తెరిచే ఉంచండి. కట్టేసి వదిలిన పశువు నీళ్లలో మునుగుతుంది, కప్పు కింద పడి చస్తుంది, విప్పేసినది చాలావరకు మెరక వెతుక్కుంటుంది. దూడని తల్లి దగ్గరే వదలండి.

పెద్దావిడతో వాదించకండి. ఆవు మంచి చోటికి చేరిందని ఆవిడ కళ్లతో చూస్తే సగం పని అయిపోతుంది, అందుకే తోలించేటప్పుడు ఆవిడని వెంట పంపండి.

జవాబు (నర్సు):

అక్కడా వినకపోతే, రేపు మావయ్యగారితో పాటు అత్తయ్యగారినీ డయాలసిస్‌కి తీసుకెళ్లండి. అటునుంచి అటే పలాసలో బంధువులు ఎవరైనా ఉంటే ఇద్దరినీ అక్కడే ఆపేయండి. డయాలసిస్ మనిషికి సెంటర్‌కి దగ్గరగా ఉన్న ఇల్లు షెల్టర్ కంటే మేలు.

ప్రశ్న అడిగినవారు:

మా ఆడపడుచుది కాశీబుగ్గ, పలాసకి ఆనుకునే ఉంటుంది. ఈ ఆలోచన నాకు రాలేదు మేడం. ఇప్పుడే మాట్లాడాను, రమ్మంటోంది, ఆవుని వాళ్ల మావయ్యగారి తోటకి తోలిస్తాం, అక్కడ శాల ఉంది. అత్తయ్య ట్రంకు పెట్టె మాత్రం ఆటోలో పడాల్సిందే అంటోంది, ఆటో ఎలాగూ మాట్లాడుతున్నాం కనుక పోనీ అన్నాను. పాప, నేను కూడా వెళ్లిపోవాలా, ఇంటి దగ్గర ఒకరు ఉండాలా?

జవాబు (సోంపేట):

మీరూ వెళ్లిపోండి. ఇంటికి కాపలా ఉండి గాలిని ఎవరూ ఆపలేరు. గ్యాస్ రెగ్యులేటర్ తీసెయ్యండి, కరెంటు మెయిన్ దించేయండి, సచివాలయం వాళ్లకి మీరు కాశీబుగ్గలో ఉంటామని చెప్పి మీ ఆడపడుచు నంబరు రాయించండి, లేకపోతే చీకట్లో మీ కోసం ఇంటికొచ్చి తలుపు కొడతారు. మీ ఆయనకి కూడా ఆ నంబరే మెసేజ్ పెట్టండి.