మీలోస్‌లో గాలి ఎక్కువున్న రోజు ఏ బీచ్‌కి వెళ్లాలి?

ఆగస్టులో మేమిద్దరం, మా పదేళ్ల బాబు గ్రీస్‌లోని మీలోస్ దీవికి వెళ్తున్నామండి. ఆ నెలలో మెల్తెమి అనే ఉత్తర గాలి గట్టిగా వీస్తుంది, అప్పుడు ఉత్తర తీరంలోని సరాకినికో తెల్లరాళ్ల దగ్గర అలలు ఎక్కువ కాబట్టి దక్షిణాన ఫిరిప్లాకా, పాలియోహోరి బీచ్‌ల వైపు పోవడమే మేలని చదివాను. సరే, మరి క్లెఫ్టికో అనే సముద్రపు గుహలకి ఎలా వెళ్లాలి? రోజంతా తిప్పే పడవ ఎక్కాలా, మనమే తెడ్డు వేసుకునే చిన్న పడవ, కయాక్ మంచిదా? బాబుకి ఈత వచ్చు గానీ అదంతా స్విమ్మింగ్ పూల్‌లోనే, లోతు నీళ్లలో స్నార్కెలింగ్ (మాస్కు, గాలి గొట్టం పెట్టుకుని ఈదడం) అంటే నాకే టెన్షన్. పడవవాళ్లు పిల్లల సైజు లైఫ్ జాకెట్లు ఇస్తారా? గాలి వల్ల ట్రిప్ రద్దయితే డబ్బు వెనక్కిస్తారా, ఇంకో రోజుకి మారుస్తారా? కారు మాత్రం అద్దెకి తీసుకుంటున్నాం, ఎండలో బస్సుల కోసం నిలబడే ఓపిక లేదు. పిల్లలతో వెళ్లొచ్చినవాళ్లు ఎవరైనా ఉంటే కాస్త చెప్పండి.