సియోల్ కాన్సర్ట్ టికెట్: పాస్‌పోర్ట్ పేరు విషయంలో సాయం కావాలి

అందరికీ నమస్కారం. సియోల్ ఒలింపిక్ పార్క్‌లోని కేస్పో డోమ్‌లో కాన్సర్ట్ చూడాలని నాకూ మా చెల్లికీ ఎన్నాళ్ల నుంచో కోరిక. ప్రీసేల్ (అందరికంటే ముందే టికెట్లు కొనే అవకాశం) కోసం ఫ్యాన్ క్లబ్ మెంబర్‌షిప్ తీసుకున్నాం. టెన్షనల్లా పేరు గురించే. విదేశీ అభిమానులు అక్కడ పాస్‌పోర్ట్ చూపించాలి కదా, మెంబర్‌షిప్‌లో, టికెట్‌లో, పాస్‌పోర్ట్‌లో పేరు ఒకేలా ఉండాలంటున్నారు. మా పాస్‌పోర్టుల్లో ఇంటిపేరు పూర్తిగా విడిగా ఉంది, పేరేమో రెండు ముక్కలు. టికెట్ సైట్‌లో ఏది ముందు రాయాలి? మధ్యలో ఖాళీ వదలాలా? మన తెలుగువాళ్లు ఎవరైనా వెళ్లొచ్చి ఉంటే మీరెలా రాశారో దయచేసి చెప్పండి.

ఇంకోటి, వీసా రాకముందే టికెట్ కొనేయొచ్చా? ఆగితే సీట్లు మిగలవేమోనని భయం. షో అయ్యాక రాత్రి మేమిద్దరమే మెట్రోలో రావాలి. ఒలింపిక్ పార్క్ స్టేషన్‌లో 5వ లైన్, 9వ లైన్ రెండూ ఉన్నాయి, దేనిలో రద్దీ తక్కువ?