సీఈఎం రెన్యువల్: ఇండియాలో కూడా తప్పనిసరి చేయాలా?

హ్యూస్టన్_తెలుగు
నమస్తే అందరికీ. టెక్సస్‌లో ఒక కౌంటీ ఎమర్జెన్సీ ఆఫీసులో పనిచేస్తున్నాను. విపత్తుల పని చేసేవాళ్ల అంతర్జాతీయ సంఘం ఐఏఈఎం ఇచ్చే సీఈఎం (సర్టిఫైడ్ ఎమర్జెన్సీ మేనేజర్) సర్టిఫికెట్ ఉంది. గడువు ఐదేళ్లే, వచ్చే ఏడాది రెన్యువల్ చేసుకోవాలి. మొదటిసారి మూడేళ్ల అనుభవం, ఎమర్జెన్సీ మేనేజ్‌మెంట్‌లో 100 గంటలు, జనరల్ మేనేజ్‌మెంట్‌లో 100 గంటల శిక్షణ, వృత్తికి చేసిన ఆరు రకాల సేవ, ఒక వ్యాసం, 100 ప్రశ్నల పరీక్ష అడిగారు. ప్రతిదానికీ రుజువు కాగితం జతచేయాలి. ఇప్పుడు ఈ ఐదేళ్లలో కొత్తగా ఏం నేర్చుకున్నామో, ఏం చేశామో మళ్లీ చూపించాలి. మా దగ్గర కొందరు విసుగొచ్చి వదిలేశారు. నేను మాత్రం చేసుకుంటాను. ఇండియాలో కూడా విపత్తుల పని చూసే అధికారులకు ఇలాంటిది తప్పనిసరి చేయాలంటాను. మీరేమంటారు?

మస్కట్_సేఫ్టీ
ఆ శిక్షణ గంటల్లో ఏ ఒక్క అంశానికీ 25 శాతం మించి లెక్కలోకి తీసుకోరు. అది చెప్పలేదేం మీరు? గ్యాస్ ప్లాంట్లలో 14 ఏళ్లు చేశాను. హెచ్‌టూఎస్ అనే విషవాయువు, ఫైర్, ప్రమాదకర రసాయనాలు, వీటిలోనే నాకు వందల గంటలున్నాయి. లెక్కకొచ్చినవి 25. మిగతావన్నీ దండగేనా?

దివిసీమ_పాతవాడు
"తప్పనిసరి" అన్న మాట దగ్గరే ఆగిపోయానమ్మా. 1977 నవంబరు 19న మా దివిసీమలో ఉప్పెన వచ్చినప్పుడు నాకు పదమూడేళ్లు. పోయినవాళ్లు అధికారిక లెక్కలోనే దాదాపు పదివేలు. 1990 మేలో మళ్లీ అంతటి తుఫాను కృష్ణా ముఖద్వారం దగ్గరే తీరం దాటింది. అప్పటికి రెవెన్యూలో కొత్తగా చేరాను. ఆ రెండు రోజులూ ఇల్లిల్లూ తిరిగాం. గేదెల్ని వదిలి రామన్నవాళ్లను బతిమాలాం, కొందర్ని చేతులు పట్టి లాక్కొచ్చాం. తీరమంతా లక్షల మందిని ముందే తరలించారు కాబట్టి ఆ ఏడు చనిపోయినవాళ్లు వెయ్యి లోపే. మాలో ఎవరికీ సర్టిఫికెట్ లేదు.

గోదారి_గట్టు
పాతవాడు గారి మాటే నాదీ. నీళ్లొచ్చాక కాగితం తడుస్తుంది అంతే.

హ్యూస్టన్_తెలుగు
బాబాయ్ గారూ, 1990లో మీరు చేసినదానికి చేతులెత్తి దణ్ణం. కానీ 77లో పోయిన ప్రాణాల నుంచి నేర్చుకున్నారు కాబట్టే 90లో కదిలారు. మీలాంటివాళ్లు రిటైరైతే ఆ నేర్చుకున్నది ఎక్కడుంటుంది? బదిలీ మీద వచ్చే కొత్త అధికారికి ఏ ఊరు ముందు ఖాళీ చేయించాలో ఎవరు చెబుతారు? అందుకే అంటున్నాను.

మస్కట్ అన్నా, ఆ 25 శాతం నియమం సరైనదే. 2020 మే 7న విశాఖ ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ ట్యాంకు నుంచి స్టైరిన్ అనే విషవాయువు లీకైంది, 12 మంది పోయారు. ట్యాంకు చల్లదనం సంగతి గ్యాస్ తెలిసినవాళ్లు చూడాలి, నిజమే. కానీ తెల్లవారుజామున నిద్రలో ఉన్న ఊరిని ఎవరు లేపాలి, ఎటు పంపాలి, పశువుల సంగతేంటి, మర్నాడు జనానికి ఏం చెప్పాలి? అది వేరే చదువు.

మస్కట్_సేఫ్టీ
25 శాతం గురించి అడిగితే వెంకటాపురం దాకా వెళ్లారు. ట్యాంకు లోపల ఉష్ణోగ్రత పెరుగుతోందని సమయానికి పట్టుకుని ఉంటే ఊరిని లేపాల్సిన పనే ఉండేది కాదు. ఆ పట్టుకునేవాడి చదువుకు పావు వంతే విలువ ఇస్తున్నారన్నది నా బాధ. దానికి జవాబు లేదు మీ దగ్గర.

కొత్త_విద్యార్థి
సీఈఎం కింది మెట్టు సర్టిఫికెట్ ఏఈఎంకి (అసోసియేట్ ఎమర్జెన్సీ మేనేజర్) అనుభవం అక్కర్లేదట కదా? ఎంబీయే చదువుతున్నా, అప్లై చేయొచ్చా?

దివిసీమ_పాతవాడు
కొత్త అధికారికి ఎవరు చెబుతారన్నావు. మేం చెప్పాం తల్లీ. పదేళ్ల కిందట ఒక కన్సల్టెన్సీ వాళ్లు మా మండలానికి ప్రణాళిక రాయడానికి వచ్చారు. ఏ ఇంట్లో గర్భిణులున్నారు, ఏ ముసలాయన మంచం దిగలేడు, ఏ పడవ ఎవరిది, షెల్టర్ తాళం ఎవరి దగ్గరుంటుంది, ఏ కాలువ గట్టు ముందు తెగుతుంది, ఇవన్నీ నేనూ నా కింద పనిచేసిన కుర్రాళ్లూ మూడు వారాలు తిరిగి రాసిచ్చాం. పుస్తకం అచ్చయింది. పైన ఒకాయన పేరు, దాని పక్కన సర్టిఫికెట్ అక్షరాలు. మా ఊళ్ల పేర్లలోనే తప్పులున్నాయి. మా కుర్రాళ్ల పేర్లు ఎక్కడా లేవు. ఆయన ఒక్క తుఫానైనా చూశాడో లేదో నాకు తెలియదు. నువ్వు తప్పనిసరి చేయమంటున్నది ఆ అక్షరాలనే.

గోదారి_గట్టు
అద్గదీ.

హ్యూస్టన్_తెలుగు
అది దొంగతనం. సర్టిఫికెట్ తప్పు కాదు. ఎవరో మీ కష్టం కాజేస్తే, రాత్రుళ్లు పిల్లల్ని పడుకోబెట్టి చదివి తెచ్చుకున్నదాన్ని "అక్షరాలు" అని తీసిపారేస్తారా? నేను తుఫాను చూడలేదనుకుంటున్నారా? 2017లో హార్వీ అప్పుడు షెల్టర్లో వాలంటీర్‌ని. మాంసం తినని పెద్దవాళ్లు రెండు రోజులు బ్రెడ్డుతో సరిపెట్టుకున్నారు. ఇంగ్లీషు రాని ఒక మామ్మగారు తన షుగర్ మందు సంగతి ఎవరికీ చెప్పుకోలేకపోయారు. ఆ తర్వాత ఈ ఉద్యోగంలో చేరి, షెల్టర్ ప్రణాళికలో భాష, తిండి గురించి రాయాలని మూడేళ్లు మీటింగుల్లో అడిగాను. ఒక్కసారి కూడా మీటింగు రికార్డులోకి ఎక్కలేదు. సర్టిఫికెట్ వచ్చాక అదే మాట, అదే గొంతుతో చెప్పాను. ఎక్కింది. బయటి దేశం నుంచి వచ్చిన ఆడదానికి అది లేకపోతే ఆ గదిలో నోరు లేదు బాబాయ్ గారూ.

మోడరేటర్
గొంతులు కాస్త తగ్గించండి. ఇద్దరూ పెద్దవాళ్లు.

మస్కట్_సేఫ్టీ
25 శాతం సంగతి ఇంకా తేలలేదు.

దివిసీమ_పాతవాడు
నిన్ను అనలేదమ్మా. మామ్మగారి సంగతి చదివి చాలాసేపు కూర్చుండిపోయాను.

అయితే నువ్వే చెప్పావు చూడు, మాట అదే, గొంతు అదే, అప్పుడు వినలేదు, ఇప్పుడు విన్నారు. నా గొడవ కూడా సరిగ్గా అదే. సర్టిఫికెట్ ఉన్నవాడి మాటే వింటామనే గదిలో నువ్వు ఎలాగో లోపలికి వెళ్లావు, నాకు సంతోషమే. దాన్ని ఇక్కడ తప్పనిసరి చేస్తే మా షెల్టర్ తాళం దాచే మత్స్యకారుడి మాట ఎవరు వింటారు? ఆయన 100 గంటల కాగితం ఎక్కడ తెస్తాడు?

హ్యూస్టన్_తెలుగు
ఆ కాగితం ఆయన్ని అడగలేదు నేను. ఆయన మాట వినాల్సిన అధికారిని అడిగాను. మీరు రాసిచ్చిన జాబితా లాంటిది తయారు చేయడం, చేసినవాళ్ల పేరు వేయడం ఆ అధికారి నేర్చుకోవాల్సిన పాఠంలో ఉండాలి. నేర్చుకున్నాడని ఐదేళ్లకోసారి చూపించాలి. ఇక్కడ మాత్రం నా మాట మారదు.

దివిసీమ_పాతవాడు
నాదీ మారదు. ఒక్కటి అడుగుతాను. మా కుర్రాళ్లలో ఇద్దరు ఇంకా సర్వీసులో ఉన్నారు. ఆ మూడు వారాల పని వాళ్ల అనుభవం కిందికి వస్తుందా? ఏ రుజువు కావాలి?

హ్యూస్టన్_తెలుగు
ఏం చేశారో, ఎన్నాళ్లు చేశారో వివరంగా ఉన్న లెటర్‌తో మొదలుపెట్టాలి. పైఅధికారి సంతకం ఉంటే మంచిది. అప్పటి పైఅధికారి మీరే కదా బాబాయ్ గారూ?

దివిసీమ_పాతవాడు
నేనే. ఆ జాబితా చేతిరాత ప్రతి ఇంట్లో ట్రంకుపెట్టెలో ఉంది. రేపు తీస్తాను.

కొత్త_విద్యార్థి
నా ప్రశ్నకు ఎవరైనా జవాబు చెప్పండి, ప్లీజ్.