బలి పద్యంలో ఆ ‘నా’ ఎవరిది?

ప్రశ్న (హనుమకొండ నుంచి):
శస్త్రచికిత్స తరువాత పది రోజులపాటు నా కుడి చేయి కదలలేదు. పక్కింటి పిన్నిగారు రోజూ వచ్చి అన్నం కలిపి ముద్దలు నోటికి అందించేవారు. ఒకరికి పెట్టడమే తప్ప ఒకరిచేత పెట్టించుకోవడం ఎరుగని నాకు, నోరు తెరిచిన ప్రతిసారీ కళ్ళు చెమర్చేవి. అప్పటినుంచి మా నాన్నగారు చదివే పోతన పద్యపాదం ఒకటి వదలడం లేదు: ‘రాజ్యము గీజ్యమున్ సతతమే, కాయంబు నా... పాయమే’. ఆయన ‘నా’ దగ్గర ఆగేవారు. ఆ విరుపు సరైనదేనా?

జవాబు (తెనాలి నుంచి):
అయ్యా, అక్కడ విరుపు లేదు. న, అపాయము కలిసి నాపాయము. ‘శరీరము అపాయము లేనిదా’ అని, వామనుడికి దానం ఇవ్వవద్దన్న శుక్రాచార్యుణ్ణి బలి అడుగుతున్నాడు. ‘అనపాయమే’ అనవలసింది కదా అంటారేమో, శార్దూల వృత్తంలో యతిస్థానమైన ‘కా’ మొదలుకొని రెండు తగణాలూ (గురువు, గురువు, లఘువు) ఒక గురువూ రావాలి కనుక అది ఇమడదు. అలాగని ఛందస్సు కోసం వంచిన మాట అనుకోనక్కరలేదు. విష్ణుసహస్రనామంలోని ‘నైకరూపః’ (న, ఏకరూపః) లోనూ నకారం ఇలాగే నిలిచింది.

జవాబు (బళ్ళారి నుంచి):
పాత తెలుగులో పాయమంటే ప్రాయము కూడా. ‘ఈ కాయము, నా ప్రాయము శాశ్వతమా’ అని అన్వయిస్తే వారి నాన్నగారి విరుపు నిలుస్తుంది.

జవాబు (తెనాలి నుంచి):
నిలవదు. అప్పుడు ‘సతతమే’ను రెండోసారి తెచ్చుకోవాలి, ‘కాయంబు’కు సముచ్చయమూ (రెంటినీ కలిపే ‘ను’ వంటిది) కావాలి. పద్యంలో ఆ రెండూ లేవు.

జవాబు (రాజమహేంద్రవరం నుంచి):
మాస్టారూ, వ్యాకరణం మీరు చెప్పినట్లే ఉండవచ్చు. నన్ను పట్టి ఉంచేది ‘గీజ్యము’. అన్నం గిన్నం అన్నట్లు, మూడు లోకాల ఏలుబడిని వంటింటి మాటతో పక్కకు నెట్టడం పోతనకే చెల్లింది. ఇక ‘నా’ సంగతి: మూడో పాదంలో ‘మీఁదై నా కరంబుంట’ అన్నప్పుడు బలికి తన చేయి పైన ఉన్నదన్న మురిపెం ఇంకా ఉంది. నాలుగో పాదంలో అదే అక్షరం ‘లేదు’ అనే అర్థానికి మారింది. మా అమ్మ బియ్యం అడగవచ్చిన వారి కొంగులో పోసేది కాదు, చేట అరుగు మీద పెట్టి లోపలికి వెళ్ళిపోయేది. ఎవరి చేయీ కింద కాకూడదనేది.

జవాబు (తెనాలి నుంచి):
అమ్మా, మూడో పాదంలో ఉన్నది మురిపెం కాదు, ధన్యత. శ్రీసతి కొప్పును తాకిన విష్ణువు చేయి, వామనుడి చేయిగా తన ముందు చాచి ఉన్నదన్న విస్మయం అది.

ప్రశ్న అడిగినవారు:
రెండు ‘నా’లనూ నాన్నగారు ఒకేలా పలికేవారు కాదు, మొదటిది ఎత్తి, రెండోది బాగా తగ్గించి పలికి, ఒక్క క్షణం ఆగేవారు. పాఠం ప్రకారం అది తప్పే కావచ్చు. ఇలా ఆగి చదవడం మీలో ఇంకెవరైనా విన్నారా?