హాస్టల్ కేబుల్‌తో లాప్‌టాప్ హాట్‌స్పాట్: ఇది దొంగతనమా?

నిశాచరి:
అమీర్‌పేటలో ఒక మహిళా హాస్టల్‌లో ఉంటున్నాను. ఇక్కడ వైఫై లేదు, మంచానికో లాన్ కేబుల్ ఇచ్చారు. నెట్‌కు నెలకు 300 రూపాయలు, అదీ ఒక్క పరికరానికే. రెండోది కలపాలంటే మరో 200 కట్టాలి. గదిలో నా ఫోన్‌కు సిగ్నల్ అందదు. కేబుల్ లాప్‌టాప్‌కు పెట్టి, విండోస్‌లో మొబైల్ హాట్‌స్పాట్ ఆన్ చేస్తుంటే ఓనరు ఆంటీ చూసి, అందరి ముందూ "ఇది దొంగతనం" అన్నారు. నా ఫోన్‌కు తప్ప ఎవరికీ ఇవ్వాలని లేదు. ఇది నిజంగా తప్పా? పైగా హాట్‌స్పాట్ పేరు నా పాత ఫోన్‌లో కనిపించనే లేదు. అదెందుకో కూడా ఎవరైనా చెప్పండి.

రేపల్లె_రాజా:
తప్పేమీ లేదు చెల్లెమ్మా. ఒక కంప్యూటర్ నెట్‌ను ఇంకో పరికరానికి పంచడం కొత్తగా పుట్టిన చోద్యమా? 1999లో వచ్చిన విండోస్ 98 రెండో ఎడిషన్‌లోనే ఆ ఏర్పాటు ఉంది. విండోస్ 7 రోజుల్లో కమాండ్లు కొట్టుకునేవాళ్లం. 2016లో విండోస్ 10కు వచ్చిన అప్‌డేట్‌తో సెట్టింగ్స్‌లో బటనే పెట్టారు. ఎనిమిది పరికరాల దాకా కలుపుకోవచ్చు. దొంగతనమైతే మైక్రోసాఫ్ట్ బటన్ ఎందుకు ఇస్తుంది?

పాతకేబుల్:
బటన్ ఉన్నంత మాత్రాన హక్కు వచ్చేస్తుందా రాజా గారూ? హాస్టళ్లకు, చిన్న ఆఫీసులకు నెట్ పెట్టి, చూసుకోవడమే నా పని. ఒక పరికరానికి ఇంత అని చెప్పి డబ్బు తీసుకున్నారు, ఈ అమ్మాయి ఒప్పుకుని చేరింది. అక్కడితో విషయం అయిపోయింది. అన్నట్టు, హాట్‌స్పాట్ పెడితే ఎవరికీ తెలియదని అనుకోవద్దు. విండోస్ పంపే ప్రతి ప్యాకెట్‌కు, అంటే డేటా ముక్కకు, టీటీఎల్ అనే అంకె మామూలుగా 128 ఉంటుంది. ఆండ్రాయిడ్ ఫోన్‌దయితే 64. ఫోన్ ప్యాకెట్ లాప్‌టాప్ దాటేసరికి ఒకటి తగ్గి 63 అవుతుంది. ఒకే కేబుల్ నుంచి 128లూ 63లూ కలిసి వస్తే వెనుక ఇంకొకటి ఉందని రౌటర్ దగ్గర కూర్చున్నవాడికి అర్థమవుతుంది.

గోదారి_గట్టు:
అది ఆఫీసు లాప్‌టాప్ అయితే ఆంటీ కంటే ముందు మీ ఐటీ విభాగం వాళ్లే పట్టుకుంటారు. చూసుకోండి.

రేపల్లె_రాజా:
63 కనిపిస్తే దొంగ అన్నమాట! విండోస్ లోపలే లినక్స్ అనే ఇంకో ఆపరేటింగ్ సిస్టమ్ నడుపుకునేవారి ప్యాకెట్లు కూడా 64తో మొదలై 63తో బయటికి రావచ్చు. అమీర్‌పేటలో కోర్సులు నేర్చుకునే పిల్లల్లో అలాంటివారు గదికొకరు ఉంటారు. వాళ్లందరి దగ్గరా 200 వసూలు చేస్తారా?

పాతకేబుల్:
నేను అనుమానం అన్నాను, రుజువు అనలేదు. రుజువు కావాలంటే డీఎన్ఎస్ లాగ్, అంటే ఏ కేబుల్ నుంచి ఏ సైట్ల పేర్లు అడిగారో ఉండే చిట్టా, చూస్తాం. ఆండ్రాయిడ్ ఫోన్ నెట్‌కు తగలగానే గూగుల్ సర్వర్‌ను పలకరించి కనెక్షన్ ఉందో లేదో చూసుకుంటుంది. విండోస్ అలా గూగుల్‌ను అడగదు, మైక్రోసాఫ్ట్‌ను అడుగుతుంది.

రేపల్లె_రాజా:
విండోస్ మీద ఆండ్రాయిడ్ ఎమ్యులేటర్, అంటే కంప్యూటర్ లోపలే ఆండ్రాయిడ్ ఫోన్‌లా పనిచేసే ప్రోగ్రామ్, నడుపుకునే పిల్లలూ ఉంటారు. అప్పుడేమంటారు?

సీతాఫలం:
పేరు కనిపించడం లేదని ఆ అమ్మాయి అడిగి గంట దాటింది. మీరిద్దరూ ఇంకా 63 దగ్గరే ఉన్నారు.

రేపల్లె_రాజా:
అసలు సంగతి చెబుతున్నానమ్మా. ఇంట్లో పంపు కనెక్షన్ తీసుకున్నాక ఆ నీళ్లు బిందెలో పట్టుకున్నానా, బకెట్‌లో పట్టుకున్నానా అని మున్సిపాలిటీ అడుగుతుందా? ఒక మనిషి 300 కట్టింది. ఆ మనిషే లాప్‌టాప్‌లో చూస్తే ఒక ధర, ఫోన్‌లో చూస్తే ఇంకో ధర ఏమిటి?

పాతకేబుల్:
మీ బిందె గదిలో ఉన్న నలుగురూ ముంచుకుంటారు రాజా గారూ, బాధ అదే. నా ఫోన్‌కు మాత్రమే అని మొదలవుతుంది. వారం తిరిగేసరికి పాస్‌వర్డ్ పక్క మంచానికి చేరుతుంది. రాత్రి పది దాటితే నెట్ నెమ్మదిగా ఉందని నాకే ఫోన్లు. నలభై మంచాలకు లెక్క వేసి తీసుకున్న లైన్ మీద వంద పరికరాలు ఎక్కితే తిట్లు ఎవరికి? ఆ పాస్‌వర్డ్ ఇచ్చినవాళ్లు మాత్రం హాయిగా నిద్రపోతారు.

రేపల్లె_రాజా:
ఓనరు జీతం తీసుకునేవాడు ఓనరు పాటే పాడతాడు. ఇందులో వింతేముంది?

పాతకేబుల్:
జీతం మాట ఎత్తారు కాబట్టి చెబుతాను. నేనూ హాస్టల్‌లో ఉండే చదివాను. లాగిన్ నా పేరు మీద, కంప్యూటర్ నాది. స్నేహితులు కదా అని హాట్‌స్పాట్ ఇచ్చాను. అందులో ఒకడు రాత్రంతా సినిమాలు దించాడు. నోటీసు నా పేరుతో వచ్చింది, లాగిన్ ఆపేశారు, పరీక్ష ఫీజు గడువు నాకు దాటిపోయింది. "నేను కాదు" అంటే వార్డెన్ నవ్వాడు. ఆ దించినవాడు నోరు విప్పలేదు. బయటి నుంచి చూసేవాడికి లాప్‌టాప్ అడ్రసు ఒక్కటే కనిపిస్తుంది, దాని వెనుక ఎవరున్నారో కనిపించదు. 2008లో అహ్మదాబాద్ పేలుళ్లప్పుడు వచ్చిన ఈమెయిల్ నవీ ముంబయిలో ఎవరిదో తాళం లేని వైఫై నుంచి వెళ్లింది. ఆ ఇంటాయనకు ఏ సంబంధమూ లేదు, అయినా విచారణ తప్పలేదు. కనెక్షన్ ఎవరి పేరున ఉంటే వాళ్లే జవాబుదారీ. ఇక్కడ అది ఆ ఆంటీ.

రేపల్లె_రాజా:
ఇప్పటికి బయటపడింది. మీ స్నేహితుడి మీది కోపం ఈ అమ్మాయి మీద తీరుస్తున్నారు. నా సంగతీ వినండి. నాకు లాప్‌టాప్ లేదు, చేతిలో ఉన్నది నాన్న ఇచ్చిన పాత ఫోన్ ఒక్కటే. జియో రాకముందు ఒక జీబీ డేటా అంటే 250 రూపాయల మాట. నేను డిగ్రీ దాటానంటే మా గది శీను తన కంప్యూటర్ నుంచి రోజూ నాకు నెట్ ఇవ్వడం వల్లనే. అప్పుడూ వార్డెన్ దాన్ని దొంగతనమనే అన్నాడు. కొనుక్కోగలిగినవాడు దొర, అడిగి తీసుకున్నవాడు దొంగ. ఆ మాట మళ్లీ చదివితే నాకు ఒళ్లు మండదా?

సీతాఫలం:
మీలో ఒకరు ఇచ్చి మోసపోయారు, ఇంకొకరు తీసుకుని బాగుపడ్డారు. ఈ అమ్మాయి ఎవరికీ ఇవ్వడం లేదు, ఎవరి దగ్గరా తీసుకోవడం లేదు. రెండూ తనవే.

కొత్తపేట_కాలక్షేపం:
ఆంటీ కట్టేది ఇంటి ప్లానా, వ్యాపార ప్లానా? అది ఎవరూ అడగరేం? ఇంటి ప్లాన్‌ను ఇతరులకు అమ్మకూడదని కంపెనీల నిబంధనల్లో సాధారణంగా ఉంటుంది. మంచానికి 300 చొప్పున ఆమె చేస్తున్నదీ పంచుకోవడమే, కాకపోతే లాభానికి. పద్ధతిగా అమ్మాలంటే 2020 డిసెంబరులో కేంద్రం ఆమోదించిన పీఎం-వాణి అనే పబ్లిక్ వైఫై పథకం ఉంది. అందులో చిన్న కొట్టు పెట్టుకున్నవారు కూడా లైసెన్సు లేకుండా వైఫై అమ్ముకోవచ్చు.

రేపల్లె_రాజా:
శభాష్! ఇప్పుడు చెప్పండి పాతకేబుల్ గారూ, ఆ హాస్టళ్లలో మీరు పెట్టే లైన్లు ఏ ప్లాన్‌వి?

పాతకేబుల్:
ప్లాన్ ఓనరు ఎంచుకుంటాడు, నేను కేబుల్ లాగుతాను. మాట మార్చకండి. ఆంటీ తప్పు చేస్తే మీ తప్పు ఒప్పయిపోతుందా? ఆ 200 ఎక్కువ అనిపిస్తే ఆమెతో కూర్చుని బేరమాడండి. చాటుగా చేసి, పట్టుబడ్డాక బటన్ ఉందిగా అనడం నాకు నచ్చదు.

నిశాచరి:
చాటుగా చేయలేదండీ, తలుపు తీసే ఉంది.

గోదారి_గట్టు:
పేరు కనిపించని సంగతి: సెట్టింగ్స్‌లో మొబైల్ హాట్‌స్పాట్ తెరిచి, ఎడిట్ నొక్కి, బ్యాండ్ చూడండి. 5 గిగాహెర్ట్జ్ మీద ఉంటే పాత ఫోన్లకు కనిపించదు, 2.4కు మార్చండి. అక్కడే పవర్ సేవింగ్ ఉంటుంది, అదీ ఆపేయండి. లేకపోతే ఫోన్ కాసేపు దూరమైతే హాట్‌స్పాట్ దానంతట అదే ఆగిపోతుంది.

నిశాచరి:
2.4కు మార్చగానే కనిపించింది, నెట్ కూడా వస్తోంది. ఆంటీతో మాట్లాడాను. 200 కుదరదన్నాను, 50 ఇస్తానన్నాను. మొత్తం హాస్టల్‌కు వైఫై పెట్టమని కూడా అడిగాను. నెట్ అబ్బాయిని అడిగి చెబుతానన్నారు.

రేపల్లె_రాజా:
ఆ నెట్ అబ్బాయి మన పాతకేబుల్ గారు కాకపోతే చాలు.

పాతకేబుల్:
ఎవరైతేనేం? వైఫై పెట్టినా మనిషికొక లాగిన్ ఇవ్వమనే చెబుతాను. ఎమ్యులేటర్ ప్రశ్నకు జవాబు రాత్రికి రాస్తాను, ఇప్పుడు పనిలో ఉన్నాను.