సమస్య (ఈ పాదంతో ముగిసేలా పద్యం పూరించాలి): "రాయి నవ్వె, మనిషి రాయి యయ్యె"

నిర్వాహకుడు: మా పెద్దనాన్నగారు ఒంటరిగా ఫోటో దిగరు. పక్కన విగ్రహమో, మైలురాయో, ఆఖరికి పోస్టు డబ్బా అయినా ఉండాలి. దానికి మోచెయ్యి ఆనించి ఊపిరి బిగబట్టేస్తారు. మొన్న హుస్సేన్‌సాగర్ బుద్ధుడి దగ్గర దిగిన ఫోటో పంపితే ఈ పాదం తట్టింది. అహల్య జోలికి మాత్రం వెళ్లకండి, ఆ దారి అందరూ తొక్కిందే.

గోదారిగట్టు:
బుద్ధు చెంత నిలిచి ఫోటోకు నొకసారి
కదల వలద టంచు గదుముచుండ
నూపి రాపి బావ యుండగ నటు చూడ
రాయి నవ్వె, మనిషి రాయి యయ్యె

యతిభంగం: "ఫోటోకు నొకసారి"లో నకారం ఎక్కడిదండీ? ఉత్వసంధి చేస్తే "ఫోటోకొకసారి" అవుతుంది, గణం చెడుతుంది.

పెన్నమ్మ: "కు" ద్రుతాంతం, అంటే చివర నకారం చేరే మాట కదా మాస్టారూ, ఆ నకారం దానిదే. గోదారిగట్టు గారి పద్యం కనబడగానే మీకు తొందర ఎక్కువవుతుంది. నా అభ్యంతరం వేరు. అది 1990 మార్చిలో దీవికి తరలిస్తుండగా సాగరంలో మునిగి, 1992 డిసెంబరుకు గానీ పీఠమెక్కని విగ్రహం. రెండేళ్లకు పైగా నీటి అడుగున ఉన్న ఏకశిల నవ్వుతోంది, అర నిమిషానికే బావ బిగుసుకుపోయాడు. ఆ మునక ఒక్క మాటలోనైనా వచ్చి ఉంటే పద్యం ఇంకా పైకి లేచేది.

సిరాచుక్క:
ఊరి పేరుఁ జదివి యొఱిగి భుజము నాన్చి
సెల్ఫి దీయు మామ చేష్టఁ జూచి
పసుపు టోపి తోడఁ బక్కన గల మైలు
రాయి నవ్వె, మనిషి రాయి యయ్యె

గోదారిగట్టు: భేష్ తమ్ముడూ! పసుపు టోపి అనగానే జాతీయ రహదారి కళ్లకు కట్టింది. రాష్ట్ర రహదారి అయితే ఆకుపచ్చ పెట్టాల్సి వచ్చేది. రాయిని మైలురాయి చేయడం హాయిగా ఉంది.

యతిభంగం: "సెల్ఫీ"ని "సెల్ఫి" చేశారు. దీర్ఘం ఉంచితే సూర్యగణం కాదు. "చిత్రము దిగు మామ" అని మార్చండి, యతి కూడా నిలుస్తుంది.

పెన్నమ్మ:
మొల్ల బొమ్మ పక్క మోచేయి నానించి
నాన్న నిలువ నేను నవ్వుమనఁగఁ
గట్టమీద వెళ్ళు కారులో నొక్క ప
రాయి నవ్వె, మనిషి రాయి యయ్యె

యతిభంగం: అమ్మా, "ప"ను మూడో పాదానికి ఇచ్చి పరాయివాడిని నవ్వించారు, అద్భుతం! సిగ్గుతో బిగుసుకుపోయిన మీ నాన్నగారు కనిపిస్తున్నారు.

గోదారిగట్టు: నిరుడు "కారము" సమస్యకు నేను "ఉప/కారము" అని విరిస్తే ఇదే యతిభంగం గారు "అరిగిపోయిన ఎత్తు" అన్నారు. ఇవాళ అద్భుతమా? అయినా ట్యాంక్‌బండ్ మీద మొల్ల విగ్రహం కంచుది, రాయి కాదు.

పెన్నమ్మ: నా పద్యంలో మొల్ల నవ్వలేదు అన్నయ్యా, నవ్వింది కారులో మనిషి. అందుకే కంచయినా ఇబ్బంది లేదు. మీ "ఉపకారము" నాకు గుర్తుంది, అందులో విరుపు బాగుంది. రెండో పాదంలో యతి తప్పింది, గొడవంతా దాని మీదే.

గోదారిగట్టు: ఆ యతి సరిచేసి మర్నాడే మళ్లీ పెట్టాను. అది ఎవరూ చదవలేదు.

యతిభంగం: చదివాను. సవరించాక మంచి పద్యమే.

సిరాచుక్క: నా సంగతి మరిచిపోయారు! "చిత్రము దిగు" వద్దు మాస్టారూ. చిత్రం ఎవరూ దిగరు, దిగేది ఫోటోయే. మా మామ ప్రతి మైలురాయి దగ్గరా కారు ఆపి తీసుకునేది సెల్ఫీయే. కాఫీ పద్యంలో కాఫి అయినప్పుడు సెల్ఫీ సెల్ఫి కావచ్చు. నేను మార్చను.

నిర్వాహకుడు: "సెల్ఫి" ఉంచవచ్చు. ఈ మూడు పద్యాలూ పెద్దనాన్నగారికి చదివి వినిపించాను. మైలురాయి పద్యం రెండోసారి చదవమన్నారు.